లాలాగూడ నుంచి సరిహద్దుకు, ఫిరంగితో మూడు రోజులు

మా వీధిలో కాశీ వెళ్లొచ్చినవాళ్లున్నారు, తిరుపతి కొండ కాలినడకన ఎక్కినవాళ్లున్నారు, దుబాయ్‌లో ఎత్తయిన మేడ ఎక్కి కళ్లు తిరిగి కిందికి దిగినవాళ్లున్నారు. యుద్ధం జరుగుతుండగా సరిహద్దుకు వెళ్లి, సైనికులనూ ఫిరంగినీ కెమెరాలో పట్టుకొచ్చినవాణ్ని మాత్రం నేనొక్కడినే. ఈ ప్రయాణానికి మూడు రోజులు పట్టింది. ఆటోలో అయితే ఇరవై నిమిషాల దూరం. వెళ్లనివారికి పనికొస్తుందని రాస్తున్నాను. వెళ్లాలని సరదా పడేవారు చివరిదాకా చదివి ఆ తర్వాత నిర్ణయించుకోండి.

నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ని. మాది కర్నూలు. నాన్నగారికి యూనివర్సిటీలో ఉద్యోగం రావడంతో తార్నాక వచ్చి పడ్డాం. ముప్ఫయ్యేళ్లుగా నా స్టూడియో ఇక్కడే. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా నా కెమెరా కన్నుగప్పి తప్పించుకున్న చుట్టం లేడు. అలాంటి నన్ను యుద్ధానికి తీసుకెళ్లినవాడు యాదగిరి. అతనిది టెంట్‌హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిస్తాడు, భోజనాలు కూడా ఒప్పుకుంటాడు. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ టికెట్ కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నాడు.

అప్పుడు దేశం సరిహద్దులో నిజంగానే యుద్ధం నడుస్తోంది. టీవీలో యాంకర్లు ఏసీ గదుల్లో చెమటలు కక్కుతూ శత్రువును చీల్చి చెండాడుతున్నారు. యాదగిరికి కూడా రక్తం ఉడికింది. ఒక దేశభక్తి పాట రాయించి, పాడించి, అందులో తన ముఖం పెట్టి, కాలనీల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాలని సంకల్పించాడు.

"మూర్తన్నా, సరిహద్దు కావాలె, మిలిట్రీ కావాలె, తోపు కావాలె. తోపు పేలాలె. గీ నాలుగు రోజులల్ల అంతా అయిపోవాలె," అన్నాడు.

"అంత తొందరేమిటయ్యా?"

"మధ్యల యుద్ధం ఆగిపోతే ఎట్ల అన్నా? ఎవడు చూస్తడు? పెళ్లయినంక శుభలేఖ పంచినట్టుంటది."

ఆ మాటకు నేను కడుపుబ్బా నవ్వాను. ఎంత దుర్మార్గుడు వీడు అనుకున్నాను. అనుకుంటూనే ఒప్పుకున్నాను. ముహూర్తాలు అయిపోయి గోళ్లు గిల్లుకుంటున్న రోజులవి. ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ వంటింట్లోంచి తల కూడా బయట పెట్టలేదు. "యుద్ధానికి పోతాండారా? టోపీ పెట్టుకోండి, ఎండదెబ్బ తగుల్తాది," అంది. వీరతిలకం అంటే మా ఇంట్లో అదే.

మొదటి రోజు: లాలాగూడ

మా ఫిరంగి పుట్టిల్లు లాలాగూడ. దాన్ని కన్నతండ్రి ఆనందరావుగారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఇప్పటికీ ఏదో ఒకటి బిగిస్తూ విప్పుతూ ఉంటారు. యాదగిరి ఆయన్ని అడిగింది దూరం నుంచి ఫిరంగిలా కనిపించే వస్తువు. ఆయన తయారుచేసింది దగ్గర నుంచి కూడా ఫిరంగిలా కనిపించే వస్తువు. గొట్టానికి బోరుబావి పైపు, ముందు అడ్డానికి కూలర్ రేకులు, కింద ట్రాక్టర్ ట్రాలీ చక్రాలు. గొట్టాన్ని పైకీ కిందికీ తిప్పడానికి ఒక చేతిచక్రం కూడా బిగించారు. తిప్పితే వెన్న మీద గరిటె కదిలినంత మెత్తగా కదిలింది.

ఆయన మాకు సాసర్లలో టీ పోసిచ్చారు. మా కర్నూల్లో టీని గ్లాసులో తాగుతాం, లాలాగూడలో పెద్దవాళ్లు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతారు. ఊదడం నాకు చేతకాక చొక్కా మీద పోసుకున్నాను. తుడుచుకుంటూ ఫిరంగి వెనక్కి వెళ్తే అక్కడ తెల్లరంగుతో అందంగా రాసిన అక్షరాలు కనిపించాయి. ఒక నంబరు, దాని కింద ఒక నెల పేరు.

"ఇదేమిటండీ?"

"రిటర్న్ నెల సార్. వర్క్‌షాప్ల రిపేరైన ప్రతి రైలు డబ్బా మీద రాస్తం, మళ్ల ఎప్పుడు లోపలికి రావాల్నో. గది రాయకుంటే బండిని గేటు దాటనియ్యం."

యాదగిరి తల పట్టుకున్నాడు. "కాకా, తోపుకు రిటర్న్ ఏంది? సరిహద్దుకు పోతున్నది గది!"

"ఏడికి పోతే ఏంది? పోయింది మళ్ల రావాలె గద బిడ్డా," అన్నారాయన. చెరపడానికి ససేమిరా ఒప్పుకోలేదు. దేశంలో ఆ వారం టీవీల్లో మాట్లాడినవాళ్లందరిలోనూ తిరిగి రావడం గురించి నాకు వినిపించిన మనిషి ఈయనొక్కడే. నేను చేసిందేమిటంటే, ఆ అక్షరాలు కనపడకుండా కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకోవడం.

మెట్టుగూడ

ఫిరంగిని టెంట్‌హౌస్ డీసీఎం వ్యాను వెనక కట్టుకుని బయల్దేరాం. గొట్టాన్ని పడుకోబెట్టి తీసుకెళ్దామని నేను. పైకెత్తే ఉంచాలని యాదగిరి. "పడుకున్న తోపును ఎవడు జూస్తడు అన్నా?" అన్నాడు. అన్నం పెట్టేవాడి మాటే వేదం కాబట్టి గొట్టం ఆకాశం వైపు చూస్తూ సాగింది.

మెట్టుగూడలో ఒక గల్లీలోంచి వెళ్తుండగా పైన అల్లుకుపోయిన ఇంటర్నెట్, కేబుల్ టీవీ తీగల గుత్తి ఒకటి గొట్టానికి తగులుకుంది. డ్రైవరు చూసుకోలేదు. ఫట్‌మని చప్పుడైంది. వెంటనే గల్లీలో టీవీలన్నీ ఒకేసారి నోరు మూశాయి. అంత నిశ్శబ్దం ఆ గల్లీకి పుట్టి బుద్ధెరిగాక అనుభవంలో లేనట్టుంది, జనం గాబరాపడి బాల్కనీల్లోకి వచ్చేశారు.

బనియను మీదున్న ఒక పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి ప్రకటించాడు. "అవతలోడు నెట్ మీద కొట్టిండు! నిన్ననే చెప్పిండ్రు టీవీల!"

అంతే. నిమిషంలో బకెట్లలో నీళ్లు పట్టడం మొదలైంది. ఒకావిడ పిల్లల్ని మంచం కిందికి తోసింది. మూల మీద కిరాణా కొట్లో కొవ్వొత్తుల ప్యాకెట్టు మేము చిక్కు విప్పడం మొదలుపెట్టినప్పుడు ఇరవై రూపాయలు, విప్పడం పూర్తయ్యేసరికి అరవై. అమ్ముతున్న ఆయన నుదుట జెండా రంగుల బొట్టు పెట్టుకుని ఉన్నాడు. అందరి కళ్ల ముందు అంత పెద్ద ఫిరంగి తీగ మెళ్లో వేసుకుని నిలబడి ఉంటే, దాన్ని అనుమానించిన నాథుడు లేడు. పైగా ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మాకు మంచినీళ్లిచ్చి, "జర జల్ది పోండన్నా, వాళ్లకు బుద్ధి చెప్పుండ్రి," అని సాగనంపారు. మా ఫిరంగి తన జీవితంలో చేసిన ధ్వంసం ఈ ఒక్కటే, అదీ మనవాళ్ల మీద.

తార్నాక చౌరస్తా

తార్నాక సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. గుడి నుంచి వస్తున్న ఆడవాళ్లు కొందరు ఫిరంగిని చూసి ఆగారు. వాళ్లలో ఒక ముసలావిడ చక్రాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది.

"గీ తోపు ఏడికి పోతున్నది బిడ్డా?"

యాదగిరి నిజం చెబుతాడనుకున్నాను. అతను వ్యానులోంచి నడుము దాకా బయటికి వంగి, "సరిహద్దుకు అవ్వా," అన్నాడు.

ఇక చూడాలి. మనవాళ్లకు చక్రాలున్న వస్తువు దేన్ని చూసినా చేయి ఊరుకోదు కదా. పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, చక్రాల కింద నిమ్మకాయలు వచ్చాయి. ఎవరో గుడి నుంచి గుమ్మడికాయ మోసుకొచ్చి దిష్టి తీశారు. కొత్త స్కూటర్‌కు చేసే మర్యాదలన్నీ జరిగాయి. ముసలావిడ తన మెడలో ఉన్న నల్లతాడు తీసి గొట్టానికి కట్టి, "పిల్లలు పైలం," అని జాగ్రత్త చెప్పింది. యాదగిరి చేతులు జోడించాడు. నేను రికార్డు చేస్తున్నాను. నాకు సిగ్గేసింది, కానీ కోణం బాగా కుదిరింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి పర్మిషన్ అడిగాడు. ఉత్తుత్తి ఫిరంగి సార్, పాట కోసం అని అతని చెవిలో చెప్పాం. వేలు మడిచి రేకు మీద కొట్టి చూశాడు. కూలర్ మోగినట్టే మోగింది. జనం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడు ఉత్తుత్తిది అంటే వీళ్లు నన్ను కొడతరు. పోండి. ఆగు, ఒక ఫోటో దియ్యి, ఇంట్ల చూపిస్త," అన్నాడు.

ఈ హడావిడిలో లైటు మూడుసార్లు పచ్చబడి మళ్లీ ఎర్రబడింది. తార్నాకలో అంబులెన్సు వెనక ఆగినా హారన్ కొడతారు. ఆ రోజు మా కూలర్ రేకు వెనక ఒక్కరూ కొట్టలేదు.

రెండో రోజు: క్యాంపస్

సైన్యం లేనిదే సరిహద్దు లేదు. సైన్యం దొరికే చోటు నాకు తెలుసు. పొద్దున ఐదున్నరకు యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద నిలబడితే చాలు, పరుగెత్తుకుంటూ దానంతట అదే వస్తుంది. కానిస్టేబుల్ పరీక్షకు, ఆర్మీ పరీక్షకు, ఇంకా నోటిఫికేషన్ పడని పరీక్షకు, పడి కోర్టుకెక్కిన పరీక్షకు పరుగెత్తే పిల్లలు. పన్నెండు మందిని ఆపి అడిగితే పన్నెండు మందీ ఒప్పుకున్నారు. వాళ్ల నాయకుడు మహేందర్. నల్గొండవైపు పల్లె. ముప్ఫై దాటాయి.

"ఆర్మీకి ఏజ్ దాటిపోయిందన్నా. కానిస్టేబుల్ రెండుసార్లు ఒడ్డుకొచ్చి పోయింది. మీ పాటల మిలిట్రీ చేస్తే మా అమ్మకు ఒక ఫోటో పంపుత. ఊకె ఏం చేస్తున్నవ్ అంటది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కోఠీలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు నుంచి యూనిఫారాలొచ్చాయి. యుద్ధం వల్ల గిరాకీ పెరిగిందని మిలిటరీవి ఐదే ఇచ్చాడు. మిగతావాటిలో మూడు ఎన్‌సీసీవి, రెండు అటవీశాఖవి, ఒకటి పెళ్లి బ్యాండు మేళం కోటు. ఆ కోటుకు బంగారు జరీ కుచ్చులు ఎక్కువగా ఉండటంతో వేసుకున్నవాణ్ని అక్కడికక్కడే జనరల్‌ను చేశాం. చివరిదాని వీపు మీద పెద్ద అక్షరాలతో 'సెక్యూరిటీ' అని ఉంది. అది తొడిగిన కుర్రాడికి ఒకటే ఆజ్ఞ ఇచ్చాను, ఏం జరిగినా వెన్ను చూపొద్దని. మా సైన్యంలో అసలైన వీరుడు వాడే.

శత్రువు పాత్రకు మాత్రం మనిషి దొరకలేదు. ఎంత బతిమాలినా ఒక్కడూ ముందుకు రాలేదు. "మా ఊళ్ల చూస్తే రానియ్యరన్నా," అన్నారు. యాదగిరి ఆలోచించి, శత్రువును చూపించనక్కర్లేదని, మనవాళ్ల కోపం చూపిస్తే సరిపోతుందని తేల్చాడు. టీవీవాళ్లు చేస్తున్నదీ అదే కదా అనిపించింది నాకు.

సరిహద్దు

క్యాంపస్ వెనకవైపు, హాస్టళ్లు దాటాక, బండరాళ్లూ సీతాఫలం పొదలూ ఉన్న మిట్ట ఒకటుంది. అదే మా సరిహద్దు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, వినడానికి మాత్రం పనికిరాదు. సీతాఫల్‌మండి వైపు నుంచి లోకల్ రైలు కూత వినిపిస్తుంది. నేను 'ఫైర్' అన్నప్పుడల్లా పొదల్లోంచి నెమలి అరిచింది. మా ఆజ్ఞలను పాటించింది అదొక్కటే.

ఫిరంగి పేలాలి కదా. యాదగిరి దగ్గర పెళ్లిళ్ల సామగ్రే ఉంది. పెళ్లికూతురు రిసెప్షన్ స్టేజీ ఎక్కేటప్పుడు రెండు పక్కలా వెండి పూలలాగా నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలుంటాయి చూడండి, అలాంటిదొకటి గొట్టంలో పెట్టించాడు. మీట నొక్కగానే ఫిరంగి నోట్లోంచి తెల్లటి పూలజల్లు కురిసింది. సైనికులు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. జనరల్ ఈల వేశాడు. నేనూ తక్కువ తిన్లేదు. ముప్ఫయ్యేళ్ల అలవాటు, చక్రాల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పైకి, పెళ్లికూతురిని పాదాల నుంచి పాపిట దాకా చూపించినట్టు, ఫిరంగిని చూపించాను. ఆ ముక్క ఇప్పుడు చూసినా అక్షింతలు వేయాలనిపిస్తుంది. యాదగిరి తెల్ల కుర్తా వేసుకుని ఆ జల్లు కింద నిలబడి సెల్యూట్ చేశాడు.

మధ్యాహ్నం భోజనాలు వచ్చాయి. మాణికేశ్వర్ నగర్‌లో కర్రీ పాయింట్ నడిపే సుజాత ఆటోలో స్టీలు క్యాన్లు పెట్టుకుని తనే తెచ్చింది. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. మా సీమలో చింతపండు కనిపిస్తే పొయ్యి మీద పెట్టకుండా వదలం. ఇక్కడివాళ్లు దాన్ని పచ్చిగానే, ఉల్లిపాయ ముక్కలేసి, అన్నంలో పోసుకుంటారు. మొదట్లో ఇదేం తిండి అనుకున్నాను. ఇప్పుడు అది లేకపోతే ఎండాకాలం గడవదు.

ఆమె వడ్డిస్తూ ఫిరంగి వైపు రెండు మూడుసార్లు చూసింది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"సార్, తోపు కాలుస్తుంటే గట్ల పక్కకే నిలబడతరా? నిలబడరు సార్. వెనక్కి జరగాలె, చెవులు మూసుకోవాలె, నోరు తెరిచి పెట్టాలె."

"నీకెలా తెలుసమ్మా?"

"మా ఆయన తోపుల దళంల ఉన్నడు సార్. పన్నెండేండ్లయింది. ఇప్పుడు గాడనే ఉన్నడు. తొమ్మిది రోజుల సంది ఫోన్ లేదు. అందరియి ఫోన్లు తీసుకున్నరంట." గరిటె ఆపకుండానే చెప్పింది. "ఇంకొంచెం అన్నం పెట్టన్నా సార్?"

తింటున్న పన్నెండు మందీ ఆగిపోయారు. మహేందర్ నెత్తి మీద టోపీ తీసి పక్కన పెట్టాడు. మిగతావాళ్లూ తీశారు. ఎవరూ చెప్పలేదు. అద్దె బట్టల్లో ఆ పిల్లలు కుదించుకుపోయి కూర్చోవడం చూస్తే నాకు ముద్ద దిగలేదు.

యాదగిరికి దిగింది. దిగడమే కాదు, కళ్లు మెరిశాయి. నన్ను పక్కకు లాగి, "అన్నా, ఒరిజినల్ దొరికింది," అన్నాడు.

అతని ఆలోచన ఏమిటంటే పాట చివర్లో సుజాత నిలబడాలి, కన్నీళ్లు కారాలి, ఆ కన్నీళ్లు తుడుస్తున్నట్టు యాదగిరి జెండా పట్టుకుని రావాలి. అందుకు బదులుగా వచ్చే సీజనంతా తన పెళ్లి ఆర్డర్లలో వంటలు ఆమెకే ఇస్తానన్నాడు. కర్రీ పాయింట్ నడుపుకునే మనిషికి అది చిన్న మాట కాదు.

సుజాత క్యాను మూత పెడుతూ విన్నది. "నిలబడుమంటే నిలబడుత సార్. ఏడ్సుడు మాత్రం నాతోని కాదు. ఏడ్వనీకి ఏమైంది? ఏమన్న అయితే గద ఏడ్సేది."

మూడో రోజు: అప్పగింతలు

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. చెప్పుకోదగ్గది కాదు, అయినా చెబుతాను. అప్పగింతల వేళ పెళ్లికూతురి తల్లి ఒక్కోసారి ఏడవదు. అలసట వల్లో, వియ్యపురాలి మీద కోపం వల్లో కళ్లు పొడిగా ఉంటాయి. వీడియోలో తల్లి ఏడవకపోతే తర్వాత తిట్లు నాకే. అందుకని కెమెరా ఆన్ చేసి, మెల్లిగా అడుగుతాను, "అమ్మా, రేప్పొద్దున కాఫీ ఎన్ని గ్లాసుల్లో పోస్తారు?" అంతే, కట్ట తెగుతుంది. ముప్ఫయ్యేళ్లలో ఈ ప్రశ్న గురి తప్పింది లేదు. ఇది నా తెలివి అని గర్వంగా ఉండేది.

సుజాతను బండ మీద నిలబెట్టాం. వెనక ఫిరంగి, పక్కన పిల్లలు. నేను ముఖం మీదికి కెమెరా దగ్గరగా తీసుకెళ్లాను.

"అమ్మా, మీ ఆయన ఫోన్ చేస్తే మొదట ఏమడుగుతావు?"

"ఏముంటది సార్, తిన్నవా అంట."

కళ్లు పొడిగానే ఉన్నాయి. యాదగిరి వెనక నుంచి కానీ కానీ అని సైగ చేస్తున్నాడు. ఎండ దిగిపోతోంది. నాకు పంతం పట్టింది. అప్పుడు అడిగాను, అడిగినందుకు ఇప్పటికీ నా నోరు నాకు చేదుగా ఉంటుంది.

"పది రోజులైంది కదమ్మా. పదకొండో రోజు, పన్నెండో రోజు కూడా మోగకపోతే?"

ఆమె నా వైపు చూసింది. కెమెరా వైపు కాదు, నా వైపు. పెదవి కొంచెం కదిలింది. వచ్చేస్తోంది, ఇంకొక్క నిమిషం, అని నా వేలు బిగుసుకుంది. సరిగ్గా అప్పుడే పక్క బండ మీద నుంచి మహేందర్ ఫోన్ పైకెత్తి అరిచాడు.

"అన్నా! యుద్ధం ఆగిందంట! రెండు దిక్కులా కాల్పులు ఆపిండ్రంట, ఇప్పుడే చెప్పిండ్రు!"

సుజాత ముఖం విప్పారింది. "ఆగిందా? నిజంగనే ఆగిందా?" అన్నది.

సరిగ్గా ఆ మాట మీదే నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. గట్టిగానే వచ్చింది.

"అయ్యో."

తాళి కట్టే వేళకు కరెంటు పోతే ఎలా అంటానో అలాగే అన్నాను. ఆ క్షణంలో నాకు యుద్ధం ఆగడానికీ కరెంటు పోవడానికీ తేడా లేదు. చేతికందిన షాటు పోయింది, అంతే తెలిసింది.

"ఏమైంది సార్?" అని సుజాత నన్నే అడిగింది.

"ఏం లేదమ్మా. బ్యాటరీ," అన్నాను. బ్యాటరీ నిండుగా ఉంది.

యాదగిరి బండ మీద కూలబడి, "ఇంకో రెండు రోజులు ఆగొద్దా వీళ్లు!" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియదు. మామూలుగా అయితే ఆ మాటను పది మందికి చెప్పి నవ్వించేవాణ్ని. అంతకు ముందే నేనన్నది ఉంది కాబట్టి నోరెత్తలేదు. పిల్లలు మాత్రం యూనిఫారాలతోనే ఎగిరి గంతులేశారు. సెక్యూరిటీ కుర్రాడు రెండు రోజుల్లో మొదటిసారి వెనక్కి తిరిగాడు. సుజాత అందరికీ అన్నం వడ్డించింది. నాకూ వడ్డించింది.

పాట బయటికి రాలేదు. వంటల ఆర్డర్ల మాట యాదగిరి మళ్లీ ఎత్తలేదు. ఫిరంగి ఇప్పుడు టెంట్‌హౌస్ ముందుంది, బారాత్‌లో పెళ్లికొడుకు దాని మీద కూర్చుని రావడానికి అద్దెకిస్తున్నారు. మంచి గిరాకీ ఉందట.

తిరుగు ప్రయాణం: మాణికేశ్వర్ నగర్

రెండు రోజులయ్యాక సుజాత ఫోన్ చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు. "మా ఆయన ఫోన్ చేసిండు సార్! మంచిగున్నడు! యుద్ధం ఆగిందని చెప్పినప్పుడు నా ముఖం మీ కెమెరాల పడ్డది గద, గా ముక్క పంపుండ్రి సార్. ఆయనకు పంపిస్త."

సరేనన్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే అప్పుడు తెలిసింది. ఆమె 'నిజంగనే ఆగిందా' అన్న మాటా, నా 'అయ్యో'నూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకటి కోస్తే రెండోది పోతుంది. మా వృత్తిలో దీనికి మందు ఉంది. వియ్యంకుల గొడవ, వంటవాళ్ల బూతులు, పంతులుగారి విసుగు, అన్నిటి మీదా సన్నాయి పరిచేస్తాం. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"అమ్మా, వెనకాల మంచి పాట ఒకటి పెట్టి పంపనా?"

"వద్దు సార్. తోపుల మోతకు ఆయనకు ఒక చెవు సగమే వినపడుతది. పాట పెడితే నా మాట అస్సలు వినపడది. ఉన్నది ఉన్నట్టు పంపుండ్రి."

ఒక పూటంతా తిప్పలు పడ్డాను. ధ్వని తగ్గించి చూశాను, పెంచి చూశాను. నా మాట ఎక్కడికీ పోలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు పంపాను.

వారం రోజులు మాణికేశ్వర్ నగర్ వైపు వెళ్లలేదు. ఎనిమిదో రోజు వెళ్లాను. కర్రీ పాయింట్ దగ్గర జనం తక్కువగా ఉన్నారు. సుజాత నన్ను చూసి, స్టూలు తుడిచి కూర్చోమంది. కూర ప్యాకెట్లు కడుతోంది.

"చూశాడా అమ్మా మీ ఆయన?"

"మస్తు సార్లు చూసిండు సార్. దళంల అందరికి చూపిచ్చిండంట. నువ్వు చిక్కినవ్ అన్నడు."

"ఇంకేమన్నాడు?"

"గా అయ్యో అన్నదెవలు అని అడిగిండు."

నేను కూర గిన్నెల వైపు చూశాను. "నువ్వేం చెప్పావు?"

ఆమె ప్యాకెట్టుకు దారం చుడుతూ, మామూలుగా, ఎక్కడా ఎత్తిపొడుపు లేకుండా చెప్పింది.

"వీడియో సార్ అని చెప్పిన. పాపం, యుద్ధం ఆగేసరికి ఆయన పని ఆగిపోయిందని చెప్పిన. గంతే సార్. పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఎక్కువ వెయ్యాల్నా?"